మంచి వానల మరుసటి వేసవి

ఫాల్గుణము ప్రవేశించి, పగటివేడి రాత్రి రెండవజాము దాకను గోడలను విడువని దినములలో, మిద్దెమీద ఆరవేసిన దుప్పటిని ఉదయమున తీయబోవునప్పుడు, దానిపై సన్నని నల్లని పోగులు రాలియుండుట కొన్ని సంవత్సరములుగా చూచుచున్నాను. అది వంటయింటి మసి కాదు. కాలిన గడ్డిపోచ తన ఆకారమును, నడుమనున్న కణుపును కూడ చెడనీయక నిలుపుకొని, ఏ కొండనుండియో గాలిలో తేలివచ్చి, వ్రేలితో తాకినంతనే పొడియైపోవును. ఊరికి దక్షిణమున నున్న గుట్టలలో ఏదియో రాత్రి తగులబడినదని దానివలన తెలియును. ఇందు వింతయేమున్నది, వేసవిలో ఎండుగడ్డి కాలదా యని ఎవరైన అనవచ్చును. కాని ఆ మసి అన్ని వేసవులలోను రాలదు. వానలు ముఖము చాటుచేసి, వేరుసెనగ ఊడలు దిగకమునుపే వాడి, పశువులను సంతకు తోలుకొనిపోయిన సంవత్సరముల తరువాత దుప్పటి తెల్లగనే యుండును. చెరువు మరవ పారి, బావులలో నీరు చేతికందిన సంవత్సరము గడచిన పిమ్మటనే ఆ నల్లని పోగులు రాలును. కరవుసీమలో అగ్ని కరవునకు తోబుట్టువు కావలెను గదా. సుభిక్షము వెంట నడచివచ్చుట యేమి?

ఈ ప్రశ్న పట్టుకొన్న తరువాత మా నేలను మరల క్రొత్తగా చూడవలసివచ్చినది. పడమటి కనుమలు నైరృతి మేఘములలోని నీటిని తమ ఆవలి వాలుననే దించుకొనగా, మిగిలిన తేమతోను, తూర్పుతీరమునుండి దూరము నడచి అలసివచ్చిన ఈశాన్యపు తడితోను ఈ పీఠభూమి బ్రతుకుచున్నది. ఏటికి సగటు వర్షము 550 మిల్లీమీటర్ల దరిదాపున నుండునని లెక్కలు చెప్పును. కాని ఆ సగటు సరిగా పడిన సంవత్సరమును చూపుమనినచో మా రైతు చాలసేపు వెదకుకొనవలసివచ్చును. ఒక ఏడు అందులో సగము, మరియొక ఏడు రెండు వారములలోనే సగము. పెనుకొండ, చెన్నేకొత్తపల్లి, రామగిరి, కదిరి ప్రాంతములలో ఏ దిక్కునకు తిరిగినను కనబడు గుట్టలు గుండ్లమయములు. గుండ్ల సందులలో జానెడు గరుసుమన్ను. ఆ మన్నును పట్టుకొని బలుసు, బందారు, చిగర, తుమ్మ. వాని నడుమ నడుమ, ఎక్కడ చోటు దొరికిన నక్కడ, బోద. ఇండ్లపై కప్పుటకు మా పెద్దలు కోసితెచ్చుకొనిన గడ్డి యిదియే. నలిపినచో నిమ్మవాసన వంటి యొక ఘాటు చేతికంటును. తొలకరికి లేచిన లేతబోదను గొర్రెలు మేయును; వెన్ను తీసి ముదిరినదానిని మూతి పెట్టి చూచి విడిచిపోవును. అట్లు విడువబడిన గడ్డి కార్తికము నాటికి పసుపుపచ్చబారి, పుష్యము నాటికి తెల్లబడి, పడిపోక కుదురు కుదురుగా నిలువుననే యెండి, వేసవి యంతయు నిలిచియుండును.

పెనుకొండ దిక్కు గుట్టల క్రింద మంద తోలుకొనిపోవు నొక వృద్ధుని నా సందేహమడిగితిని. ఆయన గొంగడి భుజము మార్చుకొని, ఇంత చిన్న విషయమునకు ఇంత దూరము వచ్చితినా యన్నట్లు చూచి, "కరువేడు కొండలో కాలేదానికేముంది సామీ, రాళ్లా?" అనెను. "వానలు బాగొచ్చి బోద నడుమెత్తు లేసిందనుకో, ఆ ఏడే మాకు అగ్గి భయం."

అంతియే. ఆర్ద్రభూములలోని అరణ్యములకు కాలదగిన వస్తువు ఎల్లప్పుడు నుండును. అవి యెండుటకై సంవత్సరముల తరబడి వేచియుండును. మాకు ఎండుట ప్రతి యేటను తప్పక జరుగును. కాలదగిన వస్తువు కొరకే ఇచట నిప్పు వేచియుండును. ఈ ధర్మము మా గుట్టలకు మాత్రమే చెందినది కాదు. ఆస్ట్రేలియా ఖండమధ్యమున, మనకంటె కఠినమైన ఎడారిభూములలో, వరుసగా కుండపోత వానలు కురిసి ఎన్నడు నెరుగని గడ్డి మొలిచిన తరువాత, 1974-75 వేసవిలో పదికోట్ల హెక్టార్లకు పైగా నేల తగులబడినది. ఖండములో ఇంచుమించు ఏడవవంతు. కాలినది జనసంచారము లేని చోటగుటచే నగరములలోని వారికి ఆనాడు దాని విస్తారమే తెలియలేదు. ఉపగ్రహచిత్రములు చూచి తరువాత లెక్కకట్టుకొనిరి. వాన పడి, దాని ఫలము కనులకు నిండుగా కనబడి, జనులు కరవును మరచిపోయిన తరువాత, కొన్ని మాసముల యెడముతో వచ్చు నీ పరిణామమును ఏ పంచాంగమున వ్రాసికొనవలెను? మా ఉగాది పంచాంగశ్రవణములో వానకు ఆఢకములెన్నియో వినుచుందుము; ఆ ఆఢకములకు మరుసటి ఫాల్గుణముతోగల సంబంధమును ఎవరును చదువరు.

గడ్డి యున్నంత మాత్రమున మంట పుట్టదు గదా. తక్కినది గాలిలోని తేమ నడుపు కథ. ప్రాణము పోయిన గడ్డిపోచకు తనదైన తడి లేదు. చుట్టునున్న గాలి యేమిచ్చిన అదియే. గాలి యెండినచో గంటసేపటిలో తానును ఎండును, గాలి చెమ్మగిల్లినచో గంటసేపటిలో తానును మెత్తబడును. మణికట్టంత లావు కొమ్మకు ఆ మార్పు కొన్ని దినముల పని. మానునకు వారములు, మాసములు. అందుచేతనే మా గుట్టలలో ఒకే నేలపై ఉదయము ఏడుగంటలకు అగ్గిపుల్ల గీచి వేసినను అంటుకొనని బోద, మధ్యాహ్నము మూడుగంటలకు ఒక బీడీముక్కకే భగ్గుమనును. చైత్రమాసపు అపరాహ్ణమున ఇచటి గాలిలో తేమ ముప్పది శాతమునకు చాల క్రిందికి దిగును. పడమటి వాలులపై ఎండ ఏటవాలుగా గాక నిటారుగా తగులుచుండును. గుండ్లు ముట్టరానంతగా కాగియుండును. ఆ మూడు నాలుగు గంటలే ప్రమాదకాలము. రాత్రి పొద్దుపోయిన కొలదిని గాలి చల్లబడి, తేమ పెరిగి, మంట వంగి, కుదుళ్ల మధ్య ఖాళీలను దాటలేక తెల్లవారుజామున తనంతట తానే చచ్చిపోవుట పలుమారులు జరుగును. భారత అటవీ సర్వేక్షణ సంస్థ వారు ఉపగ్రహముల సాయమున నిప్పున్న చోట్లు గుర్తించి అటవీ సిబ్బంది చరవాణులకు సమాచారము పంపుచున్నారు, మెచ్చదగిన పని. కాని సూక్ష్మముగా చూడగల ఆ ఉపగ్రహములు మనమీదుగా పోవునది పగలు ఒకటిన్నర ప్రాంతమున, మరల రాత్రి ఒకటిన్నర ప్రాంతమున. మూడుగంటలకు పుట్టి అర్ధరాత్రికి ముందే ముగిసిన గడ్డిమంటను ఆకాశము చూడలేకపోవచ్చును. దానిని చూచునది క్రింద మంద కాయువాడే.

నిప్పు నడకలో నన్ను అన్నిటికంటె కలవరపెట్టినది వాలు. నీరు పల్లమెరుగును, నిప్పు మిట్టనెరుగును. వెలిగించిన పుల్లను తల క్రిందుగా పట్టుకొన్నచో మంట వ్రేళ్లదాకా ఎగబ్రాకును, నిలువుగా పట్టుకొన్నచో మెల్లగా దిగును. కొండయంతయు ఆ తలక్రిందుల పుల్లయే. మంట పైవాలు వైపునకు ఒరిగి, తనకు పైనున్న గడ్డిని తాకకమునుపే వేడిచేసి యెండించి సిద్ధము చేసికొనును. పది డిగ్రీల వాలునకు వేగము రెట్టింపు, ఇరువది డిగ్రీలకు నాలుగురెట్లు అని ఆస్ట్రేలియాలో అడవిమంటలను పరిశీలించిన మెకార్థర్ కట్టిన అంచనా నేటికిని చేతిలెక్కగా వాడుదురు. వంకలైతే మరింత భయంకరములు. ఇరుప్రక్కల గట్లు నిలిచిన ఆ యిరుకు దారిలో వేడిగాలి పొగగొట్టమున లేచినట్లు లేచును. పగలు ఎండకు కాగిన గాలి ఎట్లును కొండమీదికే వీచును, రాత్రి చల్లబడి క్రిందికి దిగును. కావున పగటి మంటకు వాలును గాలియు రెండును ఒకే దిక్కున తోడగును.

1949 ఆగస్టు 5వ తేదీన అమెరికాలోని మోంటానా రాష్ట్రమున, మిసోరీ నదీతీరపు మాన్ గల్చ్ అను లోయలో, మంట నార్పుటకు విమానమునుండి దిగిన దృఢకాయులైన యువకులు, తమ క్రిందిభాగమున గడ్డి అంటుకొనగా, శిఖరము వైపు పరుగెత్తిరి. పదుమూడుగురు మరణించిరి. వారి నాయకుడు వ్యాగ్ డాడ్జ్ మాత్రము పరుగు మాని, అగ్గిపుల్ల గీచి తన ముందున్న గడ్డికే నిప్పు పెట్టి, అది కాలిన బూడిదలో బోరగిల పడుకొని ప్రాణము దక్కించుకొనెను. తనతో రమ్మని పిలిచినను తక్కినవారు ఆయన చేయుచున్నది గ్రహింపలేకపోయిరి. మంట వేగమునకు 1972లో సమీకరణములు వ్రాసిన రిచర్డ్ రోథర్మెల్, 1993లో ఆ పరుగును నిమిషము నిమిషము లెక్కకట్టి, అది ఎవరును గెలువలేని పందెమని తేల్చెను. అంత దూరమేల? 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండలలో, ఎండిన గడ్డివాలు దిగుచున్న పాదచారులను క్రిందినుండి వచ్చిన మంట చుట్టుముట్టి ఇరువదిమందికి పైగా పొట్టనబెట్టుకొన్నది. ఈ వృత్తాంతములు చదివినప్పుడెల్ల నాకు మా ఊరి గొర్రెలకాపరి కుర్రవాండ్రు మనసున మెదలుదురు. పైకి పరుగెత్తకుము, కాలిన నేల వైపు అడ్డముగా తొలగుము, గుండ్లబండ యున్నచో దానిమీదికెక్కుము అని వారికి బడిలో ఎవరైన చెప్పుదురా? తాతలు చెప్పుదురు. తాతల వెంట కొండకు పోవు మనుమలు తగ్గిపోవుచున్నారు.

గాలి విషయమున మాత్రము ప్రకృతి మాయందు కొంత దయ చూపినదని చెప్పవలెను. రామగిరి కొండలపై గాలిమరలు నిలిపినంతటి గాలి మాది. కాని ఆ గాలి ఆషాఢపు గాలి, నైరృతితో వచ్చునది. గడ్డి పూర్తిగ నెండిన చైత్రవైశాఖములలో మధ్యాహ్నపు సుడిగాలులు తప్ప నిలుకడగల పెనుగాలి అరుదు. పెనుగాలి వచ్చునాటికి తొలకరిచినుకులు పడి కుదుళ్లలో పచ్చదనము తలయెత్తును. తొలకరి ఆలస్యమైన సంవత్సరమున, నిరుటి బోద ఇంకను కొండపై నిలిచియుండగనే ఆ గాలి వచ్చినచో ఏమగునని తలపోయుటకే భయమగును.

ఆదిపర్వము చివరనున్న ఖాండవదహనమును ఈ నేత్రములతో మరల చదివితిని. అగ్ని ఖాండవమును తినబోయినప్పుడెల్ల ఇంద్రుడు వాన కురిపించి చల్లార్చుట, తుదకు అర్జునుడు బాణములతో ఆకసమున కప్పు కట్టి ఒక్క చినుకైన పడనీయకుండుట అందున్నది. వానకు నిప్పునకు వైరమే అచట కథ. మా కొండల కథలో వాన ముందు గడ్డియై నిలిచి, పిదప తానే అగ్నికి ఆహారమగుచున్నది. వ్యాసుని అరణ్యము ఇంతటి ఎండసీమలో నుండినచో ఇంద్రుని పాత్ర మరియొక విధముగా నుండెడిదేమో! అయినను ఆ ఘట్టమున నన్ను ఎప్పుడును విడువనిది శార్ఙ్గక పక్షుల ఉపాఖ్యానము. రెక్కలు రాని నాలుగు పిల్లలు, ఎలుకకన్నములో దాగుడని తల్లి జరిత ప్రాధేయపడుట, కన్నములోని ఎలుకకంటె నిప్పే మేలని అవి నిరాకరించుట, తుదకు ఆ నాలుగును అగ్నిని స్తుతించి బ్రతికిపోవుట. ఇచట గుట్ట అంటుకొనినప్పుడు కౌజుపిట్టలు గుంపుగా లేచి ఎగిరిపోవును. పసులపోలిగాండ్రు ఎచటనుండియో వచ్చి, మంట ముందు ఎగురు మిడుతలను పట్టుకొని తినును. ఉడుములు బండసందులలో దూరును. గడ్డిమంట ఒక్కచోట నిలుచునది కొన్ని క్షణములే కనుక నాలుగు వ్రేళ్ల లోతున మట్టి చల్లగనే యుండును. బొరియలోని ప్రాణి సాధారణముగా బ్రతుకును. ఎలుకకన్నములోనికి పొమ్మన్న జరిత మాటలో లోకానుభవము లేకపోలేదు.

అట్లయినచో నిప్పు వలన నష్టమేమి యని నాలోని సంశయవాది యడుగును. కొందరు కాపరులు కావలెననియే నిప్పు పెట్టుదురన్నది దాచవలసిన మాట కాదు. ముదిరి పనికిరాని బోద కాలిపోయినచో, కుదురు అడుగునుండి వాన రాకమునుపే లేతమోసులు వచ్చును. అవి గొర్రెలకు ప్రాణము. 1882 నాటి మద్రాసు అటవీచట్టము మొదలుకొని నిప్పు పెట్టువాడు నేరస్థుడు. కాపరికి నిప్పు పనిముట్టు. ఇరువురిలో ఎవరి పక్షము వహింతును? కాపరి చెప్పిన మోసులు సత్యము. కాని కాలిన వాలుపై తొలకరి పడునప్పుడు నేను నిలిచి చూచితిని. జానెడు గరుసుమన్నును పట్టియుంచిన గడ్డి లేదు, ఆకురాలు లేదు. చినుకు నేరుగా మట్టినే కొట్టును. బూడిదయు మన్నును కలిసి నల్లనీరై వంకలోనికి, వంకనుండి చెరువులోనికి పోవును. ఆ మన్ను ఏర్పడుటకు పట్టిన కాలము మన లెక్కలకందునది కాదు. మరియొకటి: బోద కుదురు మంటకు చిక్కదు, మరల లేచును; మూడడుగుల చిగరమొక్క, నారేపిమొక్క చచ్చును, లేదా మొదలు వరకు కాలి మరల మొదటినుండి మొదలుపెట్టును. చెట్టు ఎదిగి నీడ పరచినచో గడ్డి పలుచనగును. గడ్డి పలుచనైనచో మంట కుంగిపోవును. మంటల ఎత్తునకు పైన చెట్టు తన కొమ్మలను నిలుపుకొనునంతవరకు ఎన్ని యేండ్లు పట్టునో అన్ని యేండ్లు నిప్పు రాకుండవలెను. అంతలోపల ఒక్క మారు వచ్చినచో మరల గడ్డిదే రాజ్యము. గుండ్ల నడుమ పెరిగిన జువ్వియు, రావియు అంత పెద్దవగుటకు కారణము తెలియవలెనన్నచో వాని చుట్టునున్న బండను చూడవలెను. ఆ బండపై కాలదగిన గడ్డి మొలవదు.

ఈ సంకటమును మాటలతో గాక చేతులతో ఎదుర్కొనినవారు చెన్నేకొత్తపల్లి ప్రాంతమున గలరు. 1990లో అచట 32 ఎకరముల బీడు కొని నిలదొక్కుకొన్న టింబక్టు కలెక్టివ్ వారును, ముష్టికోవెల మొదలైన చుట్టుపట్ల పల్లెలవారును కలిసి, తరువాతి సంవత్సరములలో తమ ఊళ్ల బంజరుగుట్టలను కాపాడుకొనసాగిరి. కల్పవల్లి యని పేరుపెట్టుకొన్న ఆ ప్రదేశము ఏడెనిమిది వేల ఎకరములు. నరికిన మోళ్లనుండి, మట్టిలో మిగిలిన వేళ్లనుండి చెట్లు తమంతట తామే లేచినవి, వంక వెంబడి ఈతవనములు పెరిగినవి, పల్లెలవారు బోద, ఈతాకు తెచ్చుకొందురు, మందలు మేయును. అంత పచ్చదనమును సాధించినవారికి వేసవి వచ్చినదన్న విశ్రాంతి యుండవలసినది. వారికి ఆ మాసములే యుద్ధము. ఏటేటను గడ్డి చెక్కి నిప్పుగీతలు తీయుట, కావలివారిని నిలుపుట, పొగ కనబడగనే పచ్చి వేపమండలు, కానుగమండలు విరుచుకొని పరుగెత్తుట. గొర్రెలు నాకివేసిన ప్రక్కకొండకు నిప్పు భయము లేదు. కాపాడిన కొండకే యున్నది. రక్షణము ఎంత చక్కగ సాగిన అంత గడ్డి, గడ్డి యెంత బలిసిన అంత అపాయము. ఇది యెరిగియు కాపాడుట మానక, చెట్లు మంటను దాటి యెదుగు దినమునకై ఇరువది ముప్పది యేండ్లు కాచుకొన్నవారి ఓర్పును తలచుకొన్నప్పుడు, ఒక్కనాటి మొక్కనాటు ఉత్సవములపై నాకు గౌరవము తగ్గిపోవును.

మా జిల్లాకు సహాయము వచ్చు తీరును ఈ దృష్టితో చూచినచో ఒక లోపము స్పష్టమగుచున్నది. వాన తగ్గినచో కరవు మండలములు ప్రకటింతురు, పశుగ్రాసము తెప్పింతురు, పెట్టుబడి రాయితీ యిత్తురు. అవి కావలసినవే. వాన మిక్కిలిగ కురిసిన ఏట మాత్రము ఇక మాకేమియు అవసరము లేదని అధికారులును, మేమును తలంతుము. కొండకు అన్నిటికంటె ఎక్కువ మనుష్యులు కావలసినది ఆ యేడే. గ్రామీణ ఉపాధి హామీ పథకమును 2006 ఫిబ్రవరి 2న దేశమునకంతటికిని ప్రారంభించినది మా నార్పల మండలములోని బండ్లపల్లెలోనే. వేరుసెనగ పెరికి ముగిసిన పిమ్మట పుష్యమాఘములలో కూలికి పని వెదకు స్త్రీపురుషులు ప్రతి ఊరను గలరు. ఆ మాసములలోనే బోద కోతకు వచ్చును. అక్టోబరు చివర వర్షమాపకపు అంకెలు చూచి, సగటును మించి కురిసిన మండలములలో, ఊరి కొండ నడినెత్తి వెంబడి, వంకల నోళ్లవద్ద, కాలిబాటల కిరువైపుల గడ్డి కోయుటకు కూలి కట్టవచ్చును. కోసిన గడ్డి కొట్టములకు, పశువుల పాకలకు పోవును, అమ్ముకొనువారికి అమ్ముడుపోవును. గొర్రెలకాపరులను ఆ నిర్ణయమున మొదటినుండియు కూర్చుండబెట్టినచో, లేతమోసుల కొరకు ఏ వాలున, ఎంత మేర, ఏ ఉదయపు చల్లదనములో కాల్చవచ్చునో వారే చెప్పుదురు. ఆ పనికి ఏ పథకము పేరు పెట్టినను నాకు సమ్మతమే. పడిన వానను లెక్కించి, మాఘము దాటకమునుపే కొడవళ్లు కొండకెక్కవలెను.